నిశ్శబ్దం బోర్డును అరిచి చదివిన రోజు

శనివారం రాత్రి, ఆళ్లగడ్డ

నంద్యాల నుంచి వచ్చిన కొత్త అధికారి మా గ్రంథాలయంలో నిశ్శబ్దం బోర్డు తగిలించాడు. చదువురాని వాళ్లకు పేపరు గట్టిగా చదివి వినిపించే పద్ధతికి ఇక నీళ్లొదులుకున్నట్టే అనుకున్నాను. బడి మొహం చూడని నాకు అక్షరాలు అబ్బింది అక్కడే, ఇప్పుడు పేపరు చదివి వినిపించేదీ నేనే. ఆ పద్ధతి పెట్టిన పాత లైబ్రేరియన్ సుభద్రమ్మ కబురు విని ఆటోలో దిగింది.

"బోర్డులో ఏముందో చదువప్పా, నాకు కనపడల్యా."

"నిశ్శబ్దం పాటించండి" అన్నాను.

"ఇంగా గట్టిగా! ఎనకాల ఓబులమ్మకు ఇనపడల్యా."

నా గొంతు పాణ్యం దాకా పోతుంది కదా, అరిచాను. అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వి బోర్డు తీయించాడు.

భలే నాటకమాడిందనుకున్నాను. ఆటో ఎక్కేటప్పుడు తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. "సోమారం నుంచి నాకు గూడా చదువప్పా."

మధ్యలో ఆపి నా ఒత్తులు దిద్దకుండా ఊరుకుంటుందా అని ఇప్పట్నుంచే నా భయం.