దారం లేని ఉత్తరాలు

మంగళవారం, మధ్యాహ్నం

మా ఇంటి కందిరీగకి,

నాన్న ఆశీస్సులు. ఉత్తరమంటే ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ నీ క్షేమం తెలుపగలవు’ అని మొదలుపెట్టాలని మా నాన్న నేర్పాడు. ఆ వాక్యం రెండుసార్లు రాశాను, రెండుసార్లూ కొట్టేశాను. క్షేమం సంగతి పక్కన పెట్టి, ఉన్న సంగతులు రాస్తాను.

వార్డులోకి ఫోన్లు రానివ్వరట, ఉత్తరాలు రానిస్తారట. నీ ఎదురుగానే కవరు విప్పి, లోపల పిన్నూ గిన్నూ ఏమీ లేదని చూసి నీ చేతికిస్తానని, చదవనని పెద్ద నర్సు చెప్పింది. ఆవిడ మీద నాకు అప్పటికప్పుడు గౌరవం కలిగింది. పుస్తకాలు కుట్టి అట్టలు వేసే మా బైండర్లదీ అదే పద్ధతి కదా.

నువ్వు వెళ్ళి ఆరు రోజులైంది. ఆ బుధవారం ఎమర్జెన్సీ బయట ప్లాస్టిక్ కుర్చీల్లో అమ్మా నేనూ పదకొండు గంటలు కూర్చున్నాం. పిల్లల మానసిక వార్డులో ఉన్నవే ఎనిమిది పడకలట. పెద్దవాళ్ళ వార్డులో వేస్తామని ఒకాయన అన్నాడు. పదిహేనేళ్ళ పిల్లని అక్కడ వెయ్యడానికి వీల్లేదని మీ డాక్టరమ్మ పట్టుబట్టింది. చివరికి ఎవరి బిడ్డో ఇంటికి వెళ్తే నీకు చోటు దొరికింది. ఆ బిడ్డ ఎవరో గాని చల్లగా ఉండాలి.

ఇంటికి అత్త వచ్చింది. ఈ కాలం పిల్లలకి అన్నీ ఎక్కువై ఇలా అవుతోందని, నాలుగు రోజులు తన దగ్గర ఉంచితే అన్నీ సర్దుకుంటాయని అంది. కాలు విరిగితే కూడా నాలుగు రోజులు నీ దగ్గర ఉంచుకుని అతికిస్తావా వదినా అని అమ్మ అడిగింది. ఆ తర్వాత ఇద్దరూ వంటింట్లో కూర్చుని ఏడ్చారు. నేను వెళ్ళి పని చేసుకున్నాను. నాకు ఇంకేం చాతనవుతుంది.

నిన్న సందర్శకుల గదిలో అమ్మతో మాట్లాడావట. నేను గుమ్మం దాకా రాగానే లేచి లోపలికి వెళ్ళిపోయావు. నీకు నా మీద కోపమని చంటిపిల్లాడికైనా అర్థమవుతుంది. ఎందుకో మాత్రం నాకు తెలియలేదు. దారంతా తలబద్దలు కొట్టుకున్నాను. లెక్కల మార్కులకి అరిచినందుకా? నీ స్నేహితురాలి ముందు కందిరీగ అని పిలిచినందుకా? అందుకే అయితే పేరు మార్చేస్తాను. తూనీగ అయినా సరే, సీతాకోకచిలుక అయినా సరే.

పని మామూలే. ఒక వకీలు గారి పాత రిజిస్టర్లు, ఇద్దరు విద్యార్థుల పరిశోధన గ్రంథాలు వచ్చాయి. నీకు గుర్తుందా, ఒకసారి ఒకతని గ్రంథంలో పదహారు పేజీలు తలకిందులుగా కుట్టి ఇచ్చేశాను, అయినా అతనికి డిగ్రీ వచ్చింది. పరీక్షించినవాళ్ళు కూడా నీ శిష్యులే నాన్నా అని నువ్వు పడీ పడీ నవ్వావు. అప్పుడు నీకు పదేళ్ళు. నేనేం చెయ్యను, నాకు పని నేర్పిన పెద్దాయన పెట్టిన నియమం అది. బైండరు కళ్ళు అంచుల మీద ఉండాలి గాని అక్షరాల మీద కాదు. చదవడం మొదలుపెడితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆగితే కుట్టు వంకరపోతుంది. వీలునామాలూ డైరీలూ జనం నా చేతిలో ధైర్యంగా పెట్టేది కూడా నేను చదవనన్న నమ్మకంతోనే.

నువ్వు రాసిచ్చిన కాగితాలకి నేను అట్ట వేసిన నీలం పుస్తకం నీ బల్ల మీదే ఉంది. ఇంకెవరికీ ఇవ్వొద్దు, నువ్వే కుట్టు అన్నావని వారం రోజులు పట్టి చేశాను. నీ చేతికిచ్చిన రోజు అట్ట తడిమావు, ఒకచోట తెరిచి చూశావు, మూసేశావు. నువ్వేదో అడిగావు, నేనేదో చెప్పాను, నీ గదిలోకి వెళ్ళిపోయావు. నీలం నచ్చలేదేమో అనుకున్నాను. నచ్చకపోతే చెప్పు, అట్ట మార్చడం ఎంతసేపు.

అమ్మ ముద్దులు పంపింది.

నీ నాన్న


గురువారం, సాయంత్రం

కందిరీగా,

మొన్నటి ఉత్తరం నాలుగు కాగితాలు. చెయ్యి ఊరుకోక మధ్యలో మడిచి కుట్టేశాను. ఇవాళ పెద్ద నర్సు ఆ దారాన్ని చిన్న కవరులో పెట్టి నాకు తిరిగిచ్చింది. తాడూ, దారమూ, పిన్నూ, స్ప్రింగు ఉన్న పుస్తకమూ వార్డులోకి రాకూడదట. ముప్పై ఏళ్ళుగా నేను జనానికి పనికొస్తున్నది దారంతోనే. నా కూతురికి పనికిరానిది అదొక్కటే అయింది. ఇకనుంచి విడి కాగితాలే, అంకెలు వేసి పంపుతాను.

ఇవాళ డాక్టరమ్మ అమ్మనీ నన్నూ కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. నీకూ చెప్పానంది గాని, నాకు అర్థమైంది నేనూ రాస్తాను. తప్పుంటే సరిదిద్దు.

వార్డు అనేది ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఆ గండం గట్టెక్కించడానికేనట. మందు మొదలైంది, నిద్ర పడుతోంది, అంతవరకు నయమట. శనివారం తర్వాత ఆ పడక ఇంకో బిడ్డకి కావాలట. నాకు ఆ కుర్చీలు గుర్తొచ్చాయి. వారానికోసారి వచ్చి మాట్లాడి మందులు తీసుకెళ్తే చాలదా అని అమ్మ అడిగింది. కొన్నాళ్ళు పోయాక చాలుతుంది, ఇప్పుడు చాలదు అంది డాక్టరమ్మ. మిగిలిన దారులు రెండు. ఆసుపత్రి వెనక పగటి చికిత్స కేంద్రం ఉంది, పొద్దున తొమ్మిదికి వెళ్ళి నాలుగింటికి ఇంటికి రావడం. అక్కడ నీతో విడిగా మాట్లాడతారు, మిగతా పిల్లలతో కలిపి మాట్లాడతారు, బడి పాఠాలూ చెప్తారు. వారంలో ఒకరోజు అమ్మా నేనూ కూడా వచ్చి కూర్చోవాలట. నాకు నోరు ఎప్పుడు మూసుకోవాలో నేర్పుతారని అమ్మ ఆశ. రెండోది ఆరు గంటల ప్రయాణం దూరంలో ఉన్న కేంద్రం. మూడు నెలలు అక్కడే ఉండాలి. మేము పదిహేను రోజులకోసారి చూడొచ్చు.

అవసరమైన పిల్లలకి అది మంచి చోటేనట. నీకు మాత్రం పగటి కేంద్రమే మేలని డాక్టరమ్మ అభిప్రాయం. కానీ దానికి రెండు షరతులు. ఇంట్లో పదునైనవి ఏవీ అందుబాటులో ఉండకూడదు. రెండోది, ఆ ఆలోచన మళ్ళీ వస్తే ఇంట్లో ఫలానా మనిషికి చెప్తాను అని నువ్వు నీ నోటితో అనాలి. ఆ ఒక్క మాట లేకుండా ఏ పిల్లనీ సాయంత్రం ఇంటికి పంపలేనంది.

నిన్ను అడిగిందట. నాన్నకి చెప్పాను, చెప్పినా ఏమీ కాలేదు అన్నావట. అడిగిన మాట మాత్రం ఇవ్వలేదట.

డాక్టరమ్మ నా మొహంలోకి చూసింది. అమ్మ కూడా చూసింది. నేను దొంగలా కూర్చున్నాను. ఎప్పుడు చెప్పావు తల్లీ? నేను జిగురు కలుపుతున్నప్పుడా? మెషిన్ చప్పుడులోనా? ఇంటికొచ్చాక అమ్మ కంచం నా ముందు పెట్టి గదిలోకి వెళ్ళింది. ఇరవై ఏళ్ళ కాపురంలో అమ్మ నాతో పోట్లాడకుండా ఉంటే నాకు భయం వెయ్యడం ఇదే మొదలు.

నేను మంచి తండ్రినని ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆ మాట వినీ ఊరుకునేవాణ్ణి మాత్రం కాదు. నన్ను నమ్ము. నమ్మమని అడగడానికి కూడా నోరు రావడం లేదు.

నాన్న


శుక్రవారం, మధ్యాహ్నం

కందిరీగా,

మొదటి షరతు పూర్తయింది. నేను పని చేసుకునే మన ముందుగది నువ్వు చూస్తే గుర్తుపట్టలేవు. కత్తులు, దబ్బనాలు, సూదులు, చిన్న కటింగ్ మెషిన్, పెద్ద కటింగ్ మెషిన్, అన్నీ పొద్దున్నే బండి మాట్లాడి పక్కవీధిలో ఒక షెడ్డుకి చేర్చాను. పెద్ద మెషిన్ని దించడానికి నలుగురు పట్టారు. తాళంచెవి అమ్మ దగ్గర. బంగాళాదుంప కోసే కత్తి కూడా అమ్మ ఆఫీసు బీరువాలో ఉంది, కాబట్టి ఇవాళ ఉడకబెట్టినవే తిన్నాం. నువ్వు పుట్టినప్పటి నుంచి ఆ గదిలో ఉన్న జిగురు వాసన పోలేదు గాని, మిగతాదంతా ఖాళీ. అత్త వచ్చి, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తున్నారనుకున్నానంది. తర్వాత చీపురు తీసుకుని తనే గది ఊడ్చింది.

మందుల పెట్టెకి తాళం వేశాం. ఏ వేళప్పుడైనా పిలవమని డాక్టరమ్మ ఇచ్చిన ఫోన్ నంబరు ఫ్రిజ్ మీద అంటించాం. ఒకసారి చేసి చూశాను కూడా. అవతల ఒకమ్మాయి ఎత్తింది. ఊరికే, పనిచేస్తుందో లేదో అని చేశానన్నాను. పరవాలేదండీ, మీరెలా ఉన్నారు అని అడిగింది. నేను ఫోన్ పెట్టేశాను.

రెండో షరతు నా చేతిలో లేదు. నువ్వు నాకే చెప్పక్కర్లేదు. అమ్మకి చెప్తానన్నా చాలు, అత్తకి చెప్తానన్నా చాలు. రేపు పొద్దున పదింటికి డాక్టరమ్మ మళ్ళీ అడుగుతుంది. ఆ దూరపు కేంద్రానికి వెళ్తానంటే బ్యాగు నేనే మోసుకొస్తాను, అడ్డం చెప్పను. నువ్వు బతికి ఉండే చోటే మాకు మంచి చోటు.

నీకు చదువుకోవడానికి ఏదైనా కావాలని నర్సుతో అన్నావట. నీ నీలం పుస్తకం పంపుతాను. దారం తీసేసి విడి కాగితాలుగా పంపితే రానిస్తానంది. ఇది రాసి ఆ పని మీదే కూర్చుంటాను.

ఉంటాను.

నాన్న


తా.క.

తల్లీ, పై ఉత్తరం ముగించి గంటన్నర అయింది. చింపేద్దామనుకుని, నీకు మళ్ళీ ఏదీ దాచకూడదని అలాగే ఉంచాను.

దారం ముడి ఊడదీసి లాగగానే కాగితాలు నా ఒళ్ళో నుంచి నేల మీద పడి కలిసిపోయాయి. నువ్వు పేజీలకి అంకెలు వెయ్యలేదు. వరసలో పెట్టాలంటే చదవక తప్పలేదు. నీ అక్షరాలు నేను చదవడం ఇదే మొదలు.

పుస్తకం నీ చేతికిచ్చిన రోజు నువ్వు అడిగింది నాకు బాగా గుర్తుంది. ఏదో అడిగావని రాశాను గాని అది అబద్ధం. చదివావా నాన్నా అని అడిగావు. చదివాను, చాలా బాగున్నాయి అన్నాను. చదవలేదంటే చిన్నబుచ్చుకుంటావని అలా అనేశాను. ఊళ్ళోవాళ్ళవి నేను చదవనని నీకు తెలుసు. కన్నకూతురు తెచ్చి ఇచ్చినవి చదవని తండ్రి ఉంటాడని నువ్వెలా అనుకుంటావు. ఉన్నాడు. నేనే.

నాన్నా, నాకు బతకాలని లేదు, నోటితో చెప్పలేకపోతున్నాను, నన్ను ఏ డాక్టరు దగ్గరికైనా తీసుకెళ్తావా, తీసుకెళ్తే పక్క కాగితం మీద రాసి ఇవ్వు, అది నీ కోసం ఖాళీగా వదిలాను అని రాశావు. దాని పక్కనే ఖాళీ కాగితం ఉంది. దాన్ని నేను మిగతావాటితో సమంగా అంచులు కోసి, కుట్టి, నీలం అట్ట వేసి నీకు ఖాళీగానే తిరిగిచ్చాను. పైగా చాలా బాగున్నాయన్నాను. నువ్వు తెరిచి చూసింది ఆ కాగితాన్నే.

ముప్పైతొమ్మిది రోజులు ఆ జవాబు పెట్టుకుని నువ్వు మాతో కూర్చుని అన్నం తిన్నావు.

ఈ తాజాకలం రాస్తున్న కాగితం చూడు. ఒక అంచున సూది కన్నాలు ఉంటాయి. ఇది ఆ కాగితమే. తీసుకెళ్తాను తల్లీ. రోజూ తీసుకెళ్తాను, పగలు ఎక్కడికంటే అక్కడికి, నాలుగింటికి గేటు దగ్గర నిలబడి ఉంటాను. ఇది రేపు పదింటి లోపల నీ చేతికి అందుతుందో లేదో తెలియదు. అందినా నువ్వు నమ్మాలని లేదు. ఇప్పుడే పరుగెత్తుకెళ్ళి పెద్ద నర్సు చేతికిస్తాను, బతిమాలుకుంటాను, అంతకంటే నా చేతిలో ఏమీ లేదు.

రెండో వైపు ఏమీ రాయలేదు. అది నీది. నర్సు దగ్గర స్కెచ్ పెన్ను ఉంటుందట. రాయాలనిపిస్తే రాయి. ఖాళీగానే పంపినా సరే, ఈసారి చదువుతాను.