మల్లన్న కట్టిన అతుకు

గురువారం. సన్నటి తుంపర. పొద్దున్నే సైకిల్ చైనుకు నూనె పెట్టాను.

మల్లన్నా, దసరా నుంచి మన మట్టెవాడ ఆఫీసుకూ వర్ధన్నపేట గోదాముకూ మధ్య ఉన్న అద్దెకు తీసుకున్న ఫోన్‌లైన్‌లో ఒకటే గరగర. ఒక్క మాటా వినబడదు.

"పోయినోని మీద చెప్పొద్దు గానీ, వెనకట మల్లయ్య కట్టిన తీగ అతుకే ఖరాబైంది. కోసి పారేద్దాం," అన్నాడు మేనేజర్.

కోసే ముందు ఒక్కసారి చూస్తానన్నాను. సైకిల్ మీద అక్కడికి వెళ్లి, చుట్టూ ఉన్న సైకిల్ ట్యూబు ముక్క విప్పితే, నీ అతుకు ఇన్నేళ్లకూ పొడిగా మెరుస్తోంది. మళ్లీ అలాగే చుట్టేశాను.

తిరిగొచ్చి ఆఫీసు గోడకున్న లైన్ పెట్టె మూత తీశాను. రెండు తీగలు బిగించిన మరల మధ్య చెమ్మ పట్టిన పసుపు! నువ్వు లేని మొదటి దసరా కదా, ఈసారి ఆయుధపూజ నేనే చేశాను. నువ్వు ఏటా మూత మీదే బొట్టు పెట్టేవాడివి. నేను భక్తి ఎక్కువై లోపల కూడా పూశాను.

తుడిచి, ఆరబెట్టి ఫోన్ ఎత్తాను. "ఎవలే? పక్కన నిలవడి మాట్లాడుతున్నట్టే ఉన్నది!" అన్నాడు గోదాము సాంబయ్య.

మేనేజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాను. "అయితే తప్పు మల్లయ్యది కాదు, నీదన్నట్టు. ఇగ ఆ అతుకు జోలికి ఎవ్వలు పోకుండ్రి," అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

మూత ఇంకా బిగించలేదు. సాంబయ్య మళ్లీ ఫోన్ చేస్తున్నాడు. ఎత్తి వచ్చి, మూత బిగించి, ఈసారి నీలాగే పైనే బొట్టు పెడతాను.