గౌరవ్వ ఇల్లు చేరిన సినిమా

రువైస్ క్యాంపు,
7 మార్చి 1981

దుబాయ్ దేరాలో ఫిలిం కిరాయి కొట్టు గుమాస్తా గారికి,

మూడు వందల మంది కూలీల తరఫున పోశయ్య మొక్కి రాయునది. మీ పేరు తెలియదు. తెలుగువారని మాత్రం డబ్బాలు తెచ్చే డ్రైవరు చెప్పాడు. అందుకే ధైర్యం చేశాను.

నిన్న శుక్రవారం మీరు పంపిన ఫ్రెంచి సినిమా "ఫిన్" వేశాము. మెస్ గోడకు తెల్ల దుప్పటి కట్టి, మైకు నేను పట్టాను. ఆ భాష ఇక్కడ కూలీలెవరికీ రాదు కాబట్టి కథ చెప్పేది నేనే. మా నాయన ఒగ్గు కథ చెబితే కోరుట్ల చుట్టూ పది ఊళ్లు కదిలి వచ్చేవి. నేను సిమెంటు కలుపుతున్నా గొంతు మాత్రం ఆయనదే. హన్మంతు పక్కన కూర్చుని డాల్డా డబ్బా వాయిస్తాడు.

ఏం సినిమా అండీ! ఆ పడుచుపిల్లకు మేం గౌరవ్వ అని పేరు పెట్టుకున్నాం. మొదటి రీలులోనే రైలు స్టేషన్లో పోలీసులు కాల్చారు, పడిపోయింది. చచ్చిందనుకుని అందరూ లేచారు. మల్లన్న దయవల్ల రెండో రీలుకు లేచి నిలబడింది! లారీ ఎక్కి వానలో పారిపోయింది. మూడో రీలులో, తన పాస్‌పోర్టు దాచిపెట్టుకున్న షేటు ఇంటికే పోయింది. షేటు చచ్చాడు, కాగితం చేతికొచ్చింది. ఆఖరి రీలులో తల్లి ఎదుట కూర్చుని చారు తాగింది. తరవాత వరసగా పేర్లు పడితే, అవి గౌరవ్వ పెండ్లి పత్రికలో పేర్లని చెప్పాను. మెస్ రేకులు ఎగిరిపోయేటట్టు ఈలలు వేశారు. నాలుగేళ్లుగా ఇంటికి పోని భీమయ్య మాత్రం ఏడుస్తూ కూర్చున్నాడు.

పక్క క్యాంపు వాళ్లు కూడా చూస్తామంటున్నారు. డబ్బాను ఇంకో రెండు వారాలు మా దగ్గరే ఉంచగలరు.

ఇట్లు,
కోరుట్ల ఒగ్గు రాజయ్య కొడుకు పోశయ్య

తా.క.: సినిమా తీసినవాళ్ల అడ్రసు ఉంటే పంపండి. గౌరవ్వ తల్లి గరిటె పట్టిన తీరు బాగాలేదని మా వంటవాడు వాళ్లకు ఉత్తరం రాస్తాడట.

దుబాయ్,
12 మార్చి 1981

శ్రీ పోశయ్య గారికి,

గుమాస్తా మంగరాజు నమస్కారాలు. మాది అమలాపురం. ఎడారిలో తెలుగు ఉత్తరం చూసి ప్రాణం లేచొచ్చింది. చదివాక మళ్లీ కూలబడింది.

అయ్యా, మా కొట్టులో "ఫిన్" అనే సినిమా లేదు. మీకు పంపిన దాన్ని నేను చూడలేదు కానీ, మా జాబితాలో దాని గురించి ఇలా ఉంది: "నింద పడిన పడుచు పారిపోవుట. ఆఖరున పోలీసుల చేతిలో మరణం. విషాదం." ఆ పిల్ల చచ్చిపోతుందండీ. చచ్చిన పిల్ల చారు తాగదు. దారిలో ఎక్కడో మన డబ్బా వేరే కొట్టువాళ్ల డబ్బాతో మారిపోయి ఉంటుంది. వెంటనే వెతికించి మాది మాకు పంపండి.

భవదీయుడు,
మంగరాజు

తా.క.: పోయినసారి ఆ సినిమాను అబుదాబిలో ఫ్రెంచి దొరలకే వేస్తే సగంలో లేచిపోయారు. మీవాళ్లు ఈలలు వేశారంటే అది మా సినిమా కానే కాదు.

రువైస్ క్యాంపు,
17 మార్చి 1981

మంగరాజు గారికి,

పోశయ్య రాయునది. మీరు ఎంత పని చేశారండీ! క్యాంపుకు తెలుగు ఉత్తరం ఎవరికొచ్చినా మెస్‌లో అందరికీ వినిపించాలని ఇక్కడ కట్టుబాటు. గౌరవ్వ చచ్చిపోయిందని మీరు రాసిన ముక్క దగ్గర అన్నం పళ్లేల్లో చేతులు ఆగిపోయాయి. సగం మంది తినకుండానే లేచారు. భీమయ్య నా చేతిలోంచి కాగితం లాక్కున్నాడు. "ఎవడ్రా ఆ మంగరాజు? మన పిల్ల ఇంటికాడ సల్లగ బువ్వ తింటుంటే సచ్చిందంటడా?" అన్నాడు. మిమ్మల్ని తిట్టిన మిగతా తిట్లు రాయలేను. అవి మీకు కాదు, మీ జాబితాకు అనుకోండి.

డబ్బా మారలేదు. మీ కొట్టు ముద్ర దాని మీదే ఉంది. ఒగ్గు రాజయ్య కొడుకు చూడని కథ చెప్పే రకం కాదు. ఏ సినిమా అయినా గురువారమే ఒక్కణ్ణీ వేసి చూసుకోనిదే శుక్రవారం మైకు ముట్టను. గౌరవ్వ ఇల్లు చేరింది. మీ జాబితా దిద్దుకోండి.

ఇట్లు,
మాట మీద నిలబడే పోశయ్య

తా.క.: గౌరవ్వకు రెండు సంబంధాలు కూడా వచ్చాయి. ఒకటి మా వెల్డరుది, ఒకటి హన్మంతుది. ఇద్దరికీ ఇప్పుడు మాటల్లేవు.

దుబాయ్,
24 మార్చి 1981

పోశయ్యకు,

"గారు" ఏమైందని అడక్కు. చదివితే తెలుస్తుంది.

మా కొట్టుకొచ్చే ఒక ఫ్రెంచి ఆయన్ని "ఫిన్" అంటే ఏమిటని అడిగాను. "ఖలాస్" అన్నాడు. సినిమా అయిపోయాక పడే మాటట అది! ఆయన పక్కకు తిరిగి నవ్వుకున్నాడు, నాకు సిగ్గేసింది. వెంటనే నా బుర్ర వెలిగింది. డబ్బాలు సర్దే గులాం మొహిద్దీన్‌ని పిలిచి, నాలుగు రీళ్లు ఎలా పెడతావని అడిగాను. కుడి నుంచి ఎడమకు పెడతాడట, ఉర్దూ రాసినట్టు. నువ్వేమో తెలుగు చదివినట్టు ఎడమ నుంచి మొదలెట్టావు. నాలుగోది మొదట, మొదటిది ఆఖర! మూడు వందల మందికి సినిమాను తలకిందులుగా చూపించి, పైగా పెళ్లి పత్రికట! పోలీసు బుద్ధి నాకు పుట్టుకతోనే ఉందని మా అమ్మ ఊరికే అనేది కాదు.

ఈ సంగతంతా మా ముదీర్‌కి, అదే మా కొట్టు మేనేజరుకి, చెప్పాను.

ఇట్లు,
గుట్టు విప్పిన మంగరాజు

తా.క.: చెప్పకుండా ఉండాల్సింది. "నా సినిమాల పరువు తీశాడు" అని ముదీర్ మండిపడ్డాడు. నెలాఖరుకు గులాం మొహిద్దీన్ వీసా రద్దు చేసి పంపేస్తాడట. ఆయనదీ మీ కోరుట్ల వైపే. ఇద్దరు బిడ్డల పెళ్లి చెయ్యాలి. పొద్దున్నుంచీ డబ్బాలు తుడుస్తున్నాడు. నాకు అన్నం సయించడం లేదు.

రువైస్ క్యాంపు,
28 మార్చి 1981

మంగరాజు అన్నకు,

తమ్ముడు పోశయ్య రాయునది. ఈ ఉత్తరాన్ని ఒక్క అక్షరం వదలకుండా మీ ముదీర్‌కు చదివి వినిపించు.

గులాం మొహిద్దీన్ తప్పు ఏమీ లేదు. ఆయన రీళ్లు కుడి నుంచి సర్దుతాడని నాకు మొదటి నెలనుంచీ తెలుసు. అన్ని సినిమాలూ అలాగే, సరిగ్గానే వేస్తూ వచ్చాను. ఇదొక్కటే తిప్పాను. కావాలనే తిప్పాను.

గురువారం ఒక్కణ్ణీ కూర్చుని సరైన వరసలోనే చూశాను. ఆ పిల్ల తల్లి దగ్గర చారు తాగి, పనికోసం పట్నం పోయింది. చెయ్యని తప్పుకు తరిమారు. స్టేషన్లో రైలు కళ్లముందే ఉంది, ఇంకో పది అడుగులు వేస్తే ఎక్కేది, అప్పుడు కాల్చారు. మర్నాడు ఈ కథ ఎవరికి చెప్పాలి? పాస్‌పోర్టులు కంపెనీ బీరువాలో పెట్టి, ఇంటికి పోయే రోజు కోసం వేళ్లు మడుచుకుంటున్న వాళ్లకు! మా నాయన ఏ కథనూ చావు దగ్గర ఆపలేదు. మంగళం పాడనిదే ఒగ్గు కింద పెట్టేవాడు కాదు. అందుకే నాలుగో రీలు ముందు వేశాను. ఆ రీలు చివర "ఫిన్" అని పడింది, సినిమా పేరని చెప్పేశాను. ఆ అబద్ధం నాదే. దాన్ని మీకూ రాయకుండా నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ కథ అంత బాగా కుదిరాక ఎవరికైనా చెప్పకపోతే కడుపు ఉబ్బిపోతుంది కదన్నా.

నిన్న మైకులో అందరికీ నిజం చెప్పాను. ఒగ్గు రాజయ్య కొడుకు పరువు పోతే పోనీ, ఒక పెద్దమనిషి బతుకుదెరువు పోకూడదనుకున్నాను. "కావాలంటే ఇప్పుడు సరిగ్గా వేస్తాను" అన్నాను. అప్పుడు భీమయ్య లేచాడు.

"అద్దు పోశిగా. మనల ఒక్కలన్న ఇల్లు చేరిండ్రు. చేరనియ్యి" అన్నాడు.

మళ్లీ అదే వరసలో వేశాను. అంతా తెలిసి కూడా, గౌరవ్వ చారు తాగుతుంటే ఎవరూ రెప్ప వెయ్యలేదు. నా జన్మలో నేను చెప్పిన కథల్లో నాకు గర్వంగా ఉన్నది ఇదొక్కటే.

ముదీర్‌కు కోపం తీరకపోతే మా క్యాంపుకు సినిమాలు ఆపెయ్యమను. దుప్పటి ఖాళీగా ఉన్నా నేను కథ చెప్పగలను, వీళ్లు వినగలరు. గులాం మొహిద్దీన్ చాచాకు మాత్రం నా సలాం చెప్పు. ఆయన్ను ఏమీ అననని ముదీర్ దగ్గర మాట తీసుకో.

ఇట్లు,
తెలిసే తప్పు చేసిన పోశయ్య

తా.క.: "ఫిన్" అంటే ఖలాస్ అని నువ్వు కనిపెట్టక ముందే నాకు తెలుసు. గురువారమే మా ఫ్రెంచి ఇంజనీరును అడిగాను. అందుకే దాన్ని మొదట్లోనే చూపించేశాను. ఖలాస్ ముందే అయిపోతే, ఇక ఇంటికి పోవడమే కదా మిగిలేది.