వారంటులో మేడ లేదు

చిరంజీవి పండుకి,

అమ్మ మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నా కుట్టుమిషను, నా మోకాలినొప్పి ముగ్గురం క్షేమమే. అక్కడ నువ్వూ నీ యూనిఫారమూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. కవరుమీద నీ హోదా, పేరు అన్నీ పద్ధతిగా రాశాను గాని లోపల మాత్రం నువ్వు పండువే. మీ పోలీసు క్యాంపులో ఎవరికీ చూపించకు.

నీ ఉత్తరంలో అడిగినవాటికి ముందు జవాబులు. మోకాలికి నూనె రాస్తూనే ఉన్నాను. తగ్గిందనను గాని, దాని మాట నేను విననని దానికి అర్థమైంది. అక్కకి ఏడో నెల. బావమీద గట్టిగానే అరుస్తోంది కాబట్టి ఆరోగ్యానికి ఢోకా లేదు. నువ్వు పంపిన కొలతలకి రెండు చొక్కాలు కుట్టాను. నడుము రెండంగుళాలు పెరిగింది. శిక్షణలో తెగ పరిగెత్తిస్తున్నారని రాశావే, ఎటు నాయనా, క్యాంటీనువైపా?

ఇక అసలు సంగతి. "మా పై అధికారి పేపరు చూసి, ఆ టైలరమ్మ మీ అమ్మేనా అని అడిగాడు. నిజంగా పోలీసులకి వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పావా? ఫోన్ చేసి చెప్పు" అని రాశావు. ఫోన్లో అయితే నువ్వు మాటమాటకీ అడ్డం వస్తావు. ఉత్తరానికి అడ్డం రాలేవు. కూర్చుని చదువు.

మన ఎదురు కొట్టు గడియారాల అన్నయ్యగారు నీకు తెలుసు కదా. కింద రిపేరు కొట్టు, మేడమీద కాపురం. కొడుకు పోయాక కోడలూ ఆయనే ఉంటున్నారు. పోయిన నెల ఒక ఉదయం ఇన్‌స్పెక్టరు, ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చారు. పట్టుబడ్డ దొంగ ఎవడో, కొట్టేసిన వాచీలు ఆయనకి అమ్మానని చెప్పాడట. సోదాకి సాక్షి కావాలని నన్ను పిలిచారు. మెడలో టేపు అలాగే ఉంచుకుని వెళ్ళాను.

అన్నయ్యగారు వారంటు అడిగి తీసుకుని పైకే చదివారు: "కింది అంతస్తులోని గడియారాల కొట్టు." వాళ్ళు కొట్టంతా గాలించారు. సొరుగులు బల్లమీద బోర్లించారు. ఆవగింజలంత మరలు నేలంతా దొర్లిపోయాయి. దొంగసొత్తు ఏదీ దొరకలేదు. అప్పుడు ఇన్‌స్పెక్టరు మెట్లవైపు నడిచాడు.

"బాబూ, కాగితంలో కొట్టు మాత్రమే ఉంది. మేడ లేదు," అన్నారు అన్నయ్యగారు.

"మేడేమన్నా వేరే ఊళ్ళో ఉందా తాతా?" అంటూ ఎక్కేశాడు.

కోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడితే పక్కకి నెట్టారు. బీరువా తెరిచి బట్టలన్నీ మంచంమీద పారేశారు. మడతల్లోంచి ఒక మగవాళ్ళ వాచీ, ఉత్తరాల కట్ట బయటపడ్డాయి. వాచీ పోయిన మొగుడిది. ఉత్తరాలు పెళ్ళికి ముందు ఆ పిల్ల అతనికి రాసుకున్నవి. ఇన్‌స్పెక్టరు ఒకటి విప్పి గట్టిగా చదివాడు. ఒక కానిస్టేబులు నవ్వాడు. పండూ, ఆ పిల్ల ఏడవలేదు. గోడవైపు తిరిగి నిలబడిపోయింది. వాచీనీ, ఉత్తరాలనీ, అన్నయ్యగారినీ జీపెక్కించుకుపోయారు.

కోర్టులో వాళ్ళ లాయరమ్మ నన్ను అడిగింది: "వాచీ ఎక్కడ దొరికిందండీ?"

"మేడమీద, బీరువాలో బట్టల మధ్య."

"పంచనామాలో కొట్టు సొరుగులో దొరికిందని ఉంది. కింద సంతకం మీదేనా?"

"నాదే. కాని నేను పెట్టినప్పుడు దానిమీద ఒక్క అక్షరం లేదు. తెల్లకాగితం."

సర్కారు లాయరు లేచాడు. "చదువుకున్నవారు, పైగా కొడుకు పోలీసు. తెల్లకాగితంమీద సంతకం పెట్టానంటే నమ్మమంటారా?"

"పెట్టాను బాబూ. ముప్పై ఏళ్ళలో కొలత లేకుండా గుడ్డ కత్తిరించలేదు. ఆ రోజు రాత లేకుండా సంతకం చేశాను. బుద్ధిలేని పని, ఒప్పుకుంటాను. రాసింది మాత్రం మీవాళ్ళే."

ఎవరో నవ్వారు. జడ్జిగారు నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి ఇన్‌స్పెక్టరువంకే చూశారు. ఒకరి గడప దాటాలంటే అది ఏ గడపో, దేనికోసమో వారంటులో రాసి ఉండాలనీ, అది పోలీసులు చూపించే దయ కాదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కనీ అన్నారు. కొట్టుకిచ్చిన వారంటు మేడ ఎక్కదని తేల్చారు. ఆ సోదాలో పట్టుకున్నవేవీ సాక్ష్యానికి పనికిరావని కొట్టేసి, అన్నయ్యగారిని వదిలేశారు. వాచీ, ఉత్తరాలు ఆ సాయంత్రమే ఇంటికొచ్చాయి. ఇన్‌స్పెక్టరుమీద విచారణ వేశారు. వాచీలు పోగొట్టుకున్నాయన కూడా తర్వాత చూసి, ఇది నాది కాదన్నాడట.

ఇంతవరకూ చదివి, మా అమ్మ గట్టిదే అనుకుంటూ ఉంటావు. ఆగు. కోర్టులో ఎవరూ అడగని మాట ఒకటుంది. నీకు చెప్పకపోతే నాకు తిండి సయించదు.

ఆ రోజు ఇన్‌స్పెక్టరు జీపు బానెట్టుమీద కాగితం పరిచి, "మీ అబ్బాయి మనవాడేగా పిన్నిగారూ! ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదనుకుంటా. కింద ఓ సంతకం పడేయండి, పైన మేం రాసుకుంటాం," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు వినపడాల్సింది వినపడింది. పెట్టేశాను.

మూడోరోజు కోడలు మన కొట్టుకి వచ్చింది. "పిన్నీ, వాచీ ఎక్కడ దొరికిందో మీరు చూశారు కదా?" అని అడిగింది. "సరిగ్గా గుర్తులేదమ్మా," అన్నాను. ఇరవై ఏళ్ళ కిందట కుట్టిన కోటు భుజం కొలత ఇప్పుడడిగినా చెబుతాను. మూడు రోజుల కిందటిది గుర్తులేదన్నాను.

"సరే పిన్నీ," అంది. వాళ్ళ కొట్టుకి సీలు వేశారు, ఇల్లు గడవాలి, కాజాలు కుట్టే పనుంటే ఇమ్మంది. ఇచ్చాను. నా ఎదురుగానే కూర్చుని పదకొండు రోజులు కాజాలు కుట్టింది. మళ్ళీ ఒక్కసారి అడిగి ఉంటే కసురుకుని తప్పించుకునేదాన్ని. అడగలేదు. ఒకరోజు జైల్లో మామగారిని చూసి వస్తే, ఎలా ఉన్నారన్నాను. "మీ మోకాలు ఎలా ఉందో కనుక్కోమన్నారు పిన్నీ," అంది. కత్తెర బల్లమీద పెట్టి, "పద, మీ లాయరమ్మ దగ్గరికి," అన్నాను.

మొదటి మూడు రోజుల పాపం ఇన్‌స్పెక్టరుది. మిగతా పదకొండు రోజులూ నావి. అన్నయ్యగారు ఇంటికి వచ్చాక ఆ మాటే ఆయనతో చెప్పాను. "పదకొండు రోజులంటే ఎక్కువేనమ్మా," అన్నారు. పోనీలే అనలేదు. మర్నాడు కొట్టు తెరిచి, ఆగిపోయిన మన గోడగడియారం పట్టుకు రమ్మని కబురు చేశారు.

మీ పై అధికారి మళ్ళీ అడిగితే, అవునండీ మా అమ్మే అని తలెత్తి చెప్పు. నీ ఉద్యోగానికి దీనివల్ల ఏ గండమూ రాదు. వస్తే ఇక్కడ ఇంకో మిషనుకి చోటుంది. నువ్వు ఎవరి మెట్లెక్కినా ముందు కాగితం చదువు. అందులో ఎంత ఉంటే అంతవరకే వెళ్ళు. సాక్షి చేతికి రాసిన కాగితమే ఇవ్వు.

చివర్లో ఒకటి అడిగావు, కోర్టులో నోరు విప్పేముందు నన్నొక్కసారి తలుచుకున్నావా అమ్మా అని. తలుచుకున్నాను పండూ. సంతకం పెట్టినప్పుడూ నిన్నే తలుచుకున్నాను, గుర్తులేదన్నప్పుడూ నిన్నే. ఆ రెండుసార్లూ నీ ఉద్యోగం కోసం. బోనెక్కినప్పుడు మాత్రం నీ కోసం.

ఇట్లు,
పేపరుకెక్కిన
మీ అమ్మ