దారికి అడ్డం పెట్టిన స్టూలు

తమ్ముడూ, నేను కులాసాగానే ఉన్నాను. ఈ కార్డు మాత్రం అక్కకి చదివి వినిపించకు.

నిన్న మా పశువుల ఆసుపత్రికి ఒక మాస్టారు ముసలి కుక్కను తీసుకొచ్చారు. "కళ్ళు కాస్త తెల్లబడ్డాయంతే, ఇంట్లో బాగానే తిరుగుతుంది" అన్నారు. డాక్టరుగారు చెప్పినట్టు నేను దారికి అడ్డంగా స్టూలు పెట్టాను. కుక్క తిన్నగా వచ్చి దానికి మొహం కొట్టుకుంది. చూపు పోయి చాలాకాలమైందట. ఇల్లంతా అలవాటై నెట్టుకొస్తోంది. "ముందే తెస్తే చూపు దక్కేదండీ" అన్నారు డాక్టరుగారు. మాస్టారు దాని తల ఒళ్ళోకి తీసుకుని, "నాకెందుకు తెలియనివ్వలేదే పిచ్చిదానా" అన్నారు.

నేను సెలవుకి వచ్చినప్పుడు గుమ్మంలో నా పెట్టె తగిలి అక్క పడబోయింది, గుర్తుందా? "దారిలో పెట్టావేంట్రా" అని తిడితే మనం నవ్వాం. ఇప్పుడు సూదిలో దారం కూడా పాప చేతే ఎక్కించుకుంటోందని రాశావు.

అక్క కుట్టుమిషను బెల్టు మార్పించావా? పాపకి దగ్గు తగ్గిందా? మరదలికీ పాపకీ నా ఆశీస్సులు.

అక్క నడిచే దారిలో ఒకసారి కుర్చీ జరిపి చూడు. కుక్కకి దెబ్బ తగిలేదాకా మేమెవ్వరం దాన్ని పట్టి ఆపలేదు. నువ్వు మాత్రం అక్క పక్కనే ఉండు.

అన్నయ్య