అక్క గొంతుకు నిప్పు

కోయ్లె నది ఒడ్డు,
చలికాలం చివర

రియో గయేగోస్ పట్నంలోని గొంతులు దాచే ఆఫీసు బాబు ఫౌస్తినోకి,

ఎలాడియా చెప్పి రాయిస్తున్నది. నాకు చదువు లేదు, నోరుంది. రాసేది కొట్టు నడిపే ఇర్మా. తప్పులుంటే ఆవిడవి.

మా అక్క పోయింది. ఆచారం ప్రకారం ఆమెవన్నీ కాల్చేశాం: పరుపు, గ్వానకో జంతువు తోళ్ళ దుప్పటి, గుర్రం జీను, మాతే ఆకు కషాయం తాగే సొరబుర్ర. పోయినవాళ్ళ వస్తువు ఒక్కటి మిగిలినా వాళ్ళు దాన్నే చూస్తూ నిలబడిపోతారు, దారి సాగదు. ఆమెది ఒకటి మిగిలింది. అప్పుడెప్పుడో మా పొయ్యి పక్కన కూర్చుని నువ్వు పట్టుకుపోయావే, అది. కాల్చెయ్.

ఇట్లు,
ఎలాడియా (వేలిముద్ర)

తాజా కలం: గాలి లేని రోజు చూసి కాల్చు. మా దగ్గర అలాంటి రోజు రాదు, మీ పట్నానికేమైనా వస్తుందేమో.

* * *

గౌరవనీయులైన దొన్యా ఎలాడియా గారికి,

దొన్యా హసింతా గారి మరణవార్త మమ్మల్ని కలచివేసింది. హసింతా గారు తెవెల్చె భాషకు తల్లివేరు. మీరు అడిగినది వెతికించాను. ఆనాడు నేను తీసిన ఫోటోయే కదా? దాన్ని కాల్చేయాలన్నంత దుఃఖంలో మీరున్నారని అర్థమైంది. మనసు మార్చుకుంటారని పెద్దది చేయించి, అద్దం బిగించి పంపుతున్నాను. మా హాలుకు హసింతా గారి పేరే పెడుతున్నాం.

విధేయుడు,
ఫౌస్తినో బర్రియా

తాజా కలం: మేకు కూడా జతపరిచాను.

* * *

ఫౌస్తినోకి,

నీ మొహం మండ! పోయినవాళ్ళ పేరు ఎత్తకూడదని నీకెవరూ చెప్పలేదా? పిలిస్తే ఆగుతారు, వెనక్కి తిరుగుతారు. నువ్వు మూడుసార్లు పిలిచావు. ఇర్మా గొంతెత్తి చదువుతుంటే నేను పటకారు విసిరాను. పాపం, ఆమె తప్పేం లేదు, మోచేయి వాచింది. పైగా హాలుకు పేరా? రోజూ వచ్చేపోయేవాళ్ళు పిలుస్తూనే ఉంటే ఆమె ఏనాటికి చేరుతుంది?

బొమ్మ కాల్చేశాం. నేనడిగింది బొమ్మ కాదు. ఆమె గొంతు. నీ పెట్టెలో చుట్టి పెట్టావే, ఆ టేపు. కాల్చు!

ఎలాడియా

తాజా కలం: చట్రం మంచి చెక్క. దాని మీద మాతేకి నీళ్ళు కాగాయి. మేకు ఇర్మా ఉంచుకుంది.

* * *

దొన్యా ఎలాడియా గారికి,

క్షమించండి. ఇకనుంచి 'మీ అక్కగారు' అనే రాస్తాను. హాలు పేరు పీకించాను.

కానీ టేపు కాల్చలేను. విడి మాటలు మా దగ్గర చాలా ఉన్నాయి: కుక్క, నిప్పు, నక్క. ఇద్దరు మనుషులు మాట్లాడుకున్నది మాత్రం ఆ ఒక్క టేపులోనే ఉంది. మీ భాష తెలిసినవారు మా లెక్కలో ఇక మీరొక్కరే. అది పోతే ఆ భాషలో ఒకరు అడిగితే ఇంకొకరు ఎలా బదులిచ్చేవారో లోకంలో ఎవరికీ తెలియదు.

మరొకటి. ఆ టేపులో సగం గొంతు మీది. బతికున్నవారి వస్తువును ఎలా కాల్చమంటారు?

విధేయుడు,
ఫౌస్తినో

తాజా కలం: ఇర్మా గారి మోచేతికి మందు పంపుతున్నాను.

* * *

ఫౌస్తినోకి,

ఇప్పుడు అడిగావు అసలు ప్రశ్న. రెండు రాత్రులు నిద్రపోలేదు. బతికున్నదాని వస్తువు కాలిస్తే చావును కేకేసి పిలిచినట్టే. నాకు చావంటే భయం లేదు కానీ నేను పిలిచానని అనిపించుకోను. రావాలంటే అదే రావాలి, మా గుమ్మం దానికి తెలుసు.

అందుకని, కత్తిరించు. అక్క మాట్లాడిన చోటల్లా తీసి కాల్చు. నావి అతికించి నీ దగ్గర పెట్టుకో. గొర్రెను కోసినప్పుడు పాళ్ళు వెయ్యమూ? అలాగే.

ఎలాడియా

తాజా కలం: ఎక్కువ మాట్లాడింది ఆవిడే. నీకు పెద్దగా మిగలదు.

* * *

దొన్యా ఎలాడియా గారికి,

అసలు టేపు ముట్టుకోలేదు. దాని నకలు తీసి, మీ అక్కగారి మాటలు చెరిపించి పంపుతున్నాను. ఆమె మాట్లాడిన చోట అంతసేపూ ఖాళీ ఉంటుంది. నేను విన్నాను. మీరు అడుగుతారు, ఎవరూ పలకరు. మీరు నవ్వుతారు, ఎందుకో తెలియదు.

మీరూ వినండి. విన్నాక కూడా కాల్చమంటే అసలు టేపు తెచ్చి మీ చేతికే ఇస్తాను. పెద్ద అధికారి ఒప్పుకున్నారు. నా ఉద్యోగం మాటేమిటని అడగలేదు, వారూ చెప్పలేదు.

ఫౌస్తినో

* * *

ఫౌస్తినోకి,

విన్నాను. ఇర్మా కొట్లో పాటలు పెట్టే యంత్రంలో వేయించాను. నువ్వు చెప్పింది నిజమే. అడగడం, ఆగడం, గాలి చప్పుడు. చలికాలం నుంచీ నా బతుకూ అంతే కదా అనుకున్నాను. ఆపెయ్యమని చెప్పబోయాను.

అంతలో టేపులో నేను అడిగాను: "గుర్రాన్ని కట్టేశావా?" ఖాళీ.

బల్ల వెనక మాతే ఆకు తూస్తున్న ఇర్మా తలెత్తకుండానే మా భాషలో అంది: "కట్టేశాలే. గుర్రం ఉంటుంది, ఈ గాలికి గుంజ ఉంటుందో లేదో."

తక్కెడ కింద పడింది. పడేసింది నేనో, ఇర్మానో తెలియదు.

ఫౌస్తినో, విను. మా అక్క ఆనాడు అన్నది అది కాదు. ఆ మాట ఏ టేపులోనూ లేదు. అది కొత్తది! అక్క పోయాక మా భాషలో నేను విన్న మొదటి కొత్త మాట.

ఇక అక్కను పోనివ్వు. కొత్త టేపులు తీసుకుని రా, పాతది తీసుకుని రా. ముందు నాదీ ఇర్మాదీ గొంతులు పట్టుకో, ఆ తర్వాతే పాతదాంట్లో అక్క పాలు కాల్చేద్దాం. పొయ్యి నేను వెలిగించి ఉంచుతాను.

ఎలాడియా

తాజా కలం: అయ్యా, ఇది ఇర్మా సొంతంగా రాస్తున్నది. మా అమ్మది ఆ భాషే. బడిలో నా నోటివెంట అది వచ్చిన రోజు ఏం చేశారో చూసి, ఇక ఎన్నడూ మాట్లాడనని నాతో ఒట్టేయించుకుంది. ఆ ఒట్టు మీదే కొట్టు నడుపుకుంటూ ఈ ముసలామెకు ఇన్నేళ్ళూ స్పానిష్‌లోనే సరుకులమ్మాను. ఇప్పుడు ఏం రాస్తున్నావని అడుగుతోంది. పంచదార ధర రాస్తున్నానని ఆ భాషలోనే చెప్పాను. నా పలుకు గొర్రె దగ్గినట్టుందని తిట్టింది. అమ్మ పోయాక ఆ భాషలో నన్ను తిట్టినవాళ్ళు లేరు. త్వరగా రండి.