భుజం కుదిరిన కోటు

మార్చి 2

మా అమ్మాయి కుట్టిన కోటు భుజం మళ్ళీ విప్పించాను. కుట్టు బాగానే ఉంది. అయినా విప్పించాను. ఇది మా నాన్న పద్ధతి. నేర్చుకునేవాళ్ళకి బాగుందని చెప్పకూడదు, చెబితే చెయ్యి పాడవుతుంది. నన్ను టైలర్ని చేసింది ఆ పద్ధతే. అమ్మాయికి ఇరవై ఏడేళ్ళొచ్చాయి, ఇప్పటికీ బటన్ కుట్టాలన్నా నా మొహం చూస్తుంది. చూడనీ.

మార్చి 5

పెద్ద షాపు మేనేజర్ వచ్చాడు. కటింగ్ మాస్టర్ కావాలట. పదో తేదీ పొద్దున తను సొంతంగా కుట్టిన కోటు తెచ్చి చూపిస్తే అమ్మాయిని తీసుకుంటాడట. జీతం విని నాకే నోరెండిపోయింది. ఇదేమో, అమ్మ బాగుందంటే తెస్తానండీ అంది. ఆయన నా వైపు చూశాడు. నేను సూదిలోకి దారం ఎక్కిస్తూ కూర్చున్నాను. ఇది వెళ్ళిపోతే మా షాపులో నేనొక్కదాన్నే. అది వెళ్ళాలని నాకు లేదు, అబద్ధమెందుకు.

మార్చి 7, మధ్యాహ్నం

తమ్ముడొచ్చాడు. నాన్న దగ్గర రెండేళ్ళు పనిచేసి పారిపోయినవాడు. ఇప్పుడు బస్సు నడుపుకుంటూ హాయిగా ఉన్నాడు. భుజం విప్పించిన సంగతి చెబితే పడీ పడీ నవ్వాడు. పద్ధతీ లేదు పాడూ లేదు, అదంతా కడుపుమంటక్కా అన్నాడు. దాన్ని పొగిడితే రేపు నా కుర్చీలో కూర్చుంటుందిరా అని నాన్న అప్పట్లో నా గురించి తనతోనే అన్నాడట.

నోర్ముయ్యమన్నాను. అన్నం కూడా పెట్టకుండా పంపేశాను.

మార్చి 7, సాయంత్రం

వాడిది అబద్ధం కాదు. మొదటి ఏడాది నాన్న నా కుట్టు ముట్టుకోనేలేదు. కస్టమర్లు నీ కూతురే కుట్టాలని అడగడం మొదలయ్యాకే విప్పించాడు. ముసలాడి కడుపుమంటని విద్య అనుకుని ఇన్నేళ్ళు మోశాను. మోసి మోసి నా కూతురి నెత్తిన పెట్టాను. బతికుంటే ఇవాళ వెళ్ళి కడిగేసేదాన్ని. ఇక చాలు. అది వెళ్ళాలి.

మార్చి 8

కోటు పూర్తయింది. వంక పెట్టడానికి లేదు. భుజం పోతపోసినట్టు కుదిరింది. బాగుంది అన్నాను. గట్టిగానే అన్నాను.

దాని మొహం పాలిపోయింది. తప్పెక్కడ అని అడిగింది. ఎక్కడా లేదు, చాలా బాగుంది అన్నాను. కోటు నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. ఎన్నాళ్ళ నుంచి కనపడటం లేదమ్మా అంది.

మార్చి 9

కళ్ళ డాక్టర్ దగ్గరికి లాక్కెళ్ళింది. కళ్ళు భేషుగ్గా ఉన్నాయి అన్నాడాయన. అమ్మాయి నమ్మలేదు. దారిలో ఫుట్‌పాత్ మీద లావుపాటి కళ్ళజోడు కొంది.

ఇంటికొచ్చాక అంతా చెప్పేశాను. మీ తాత చేసింది, నేను చేసింది, అంతా. ఓపిగ్గా వింది. మంచినీళ్ళిచ్చి పడుకోబెట్టింది. తర్వాత వంటింట్లోంచి తమ్ముడికి ఫోన్. అమ్మకి మతి కూడా తప్పుతోంది మామయ్యా అంటూ వెక్కి వెక్కి ఏడ్చింది.

మార్చి 10

పొద్దున్నే నాకు కళ్ళజోడు పెట్టి కోటు చూపించింది. ఎక్కడ విప్పాలో చెప్పమ్మా అని బతిమాలింది. అద్దాల్లోంచి అంతా మసక. ఎడమ భుజం వంకర, విప్పు అన్నాను.

హమ్మయ్య అంది. నన్ను వాటేసుకుంది.

మేనేజర్ చెప్పిన టైమ్ దాటిపోయింది. పాట పాడుకుంటూ విప్పుతోంది.